వార్సాలో కలిసిన ఆ పెద్దాయనకు

అయ్యా, మా కోడలిది పోలండ్. వాళ్ల ముత్తాత టార్నోపోల్‌లో పుట్టారని మాత్రమే తెలుసు. 1918 దాకా అది ఆస్ట్రియా, తర్వాత పోలండ్, ఇప్పుడు ఉక్రెయిన్‌లోని టెర్నోపిల్. ఆయన పుట్టుక వివరాల కోసం మేం అక్కడికే ఉత్తరాలు రాస్తూ నెలలు పోగొట్టుకున్నాం. అటువైపు పుట్టుకలు, బాప్తిస్మాలు రాసిపెట్టిన క్యాథలిక్ చర్చి పుస్తకాలు చాలా వార్సా పాత రికార్డుల కేంద్రంలోనే ఉన్నాయని చెప్పింది మీరే. మీ పని పక్కన పెట్టి మరీ, లాటిన్‌లో రాసిన ఆ గడులు ఒక్కొక్కటీ చదివి వినిపించారు: ఇంటి నంబరు, తల్లిదండ్రులు, బాప్తిస్మం నాటి జ్ఞాన తల్లిదండ్రులు. ముత్తాతగారి తల్లి పేరు వినగానే మా కోడలు ఏడ్చేసింది. ఇంట్లో ఎవరికీ తెలియని పేరది. ఆ హడావిడిలో మీ పేరు అడగనేలేదు. ఆడపిల్ల పుడితే ఆవిడ పేరే పెడతానంటోంది. మీకు చేతులెత్తి నమస్కారం.