చెవికి పని చెప్పే సైట్లు

ఒరేయ్ మామా,

కొత్త డీఏసీ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) కొనాలనుకుంటున్నానని, నేను రోజూ చూసే సైట్లలో మంచివి చెప్పమని అడిగావు. ఊరికే లింకులు పంపితే బుక్‌మార్క్ చేసుకుని మర్చిపోతావని నాకు తెలుసు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో వస్తువుల రివ్యూలు రాసే సైటు ఒక్కటీ లేదు. మిడ్స్ తేనెలా జారుతున్నాయని, ట్రెబుల్‌లో గాలాడుతోందని రాసేవాళ్ల మీద నాకేం కోపం లేదు. కానీ ఆ తేనె నీ గదిలో ఎలా జారుతుందో వాళ్లకేం తెలుసు? నాకు నచ్చే సైట్లన్నీ చెవికి పని చెప్పేవే. జేబుకి పని చెప్పేవాటిని ఎప్పుడో పక్కన పెట్టేశాను.

మొట్టమొదట రూమ్ ఈక్యూ విజార్డ్, గదిలో సౌండ్ ఎలా ఉందో కొలిచే సాఫ్ట్‌వేర్. అందరూ ఆర్‌ఈడబ్ల్యూ అంటారు. ఉచితంగా దొరుకుతుంది. విండోస్, మ్యాక్, లైనక్స్, దేనిమీదైనా నడుస్తుంది. నువ్వు కూర్చుని వినే చోట, సరిగ్గా చెవి ఎత్తులో ఒక మైక్ పెట్టాలి. ఫోన్ మైక్ పనికిరాదు, కొలతల కోసం చేసిన మైక్ కావాలి. మినీడీఎస్‌పీ వాళ్ల యూమిక్-1 లాంటిదైతే యూఎస్‌బీకి గుచ్చితే చాలు. దాని సీరియల్ నంబర్ కొడితే ఆ ఒక్క మైక్‌కి సంబంధించిన క్యాలిబ్రేషన్ ఫైల్ వాళ్ల సైట్లో దిగుతుంది. ఇక సాఫ్ట్‌వేర్ 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా జుయ్యిమంటూ ఒక స్వీప్ వదులుతుంది. అది అయిపోగానే స్క్రీన్ మీద గ్రాఫ్ ప్రత్యక్షం. మొదటిసారి చూసిన ఎవరైనా సరే స్పీకర్ పాడైందనే అనుకుంటారు. కంపెనీ కాగితం మీద నున్నగా ఉన్న గీత గదిలోకొచ్చేసరికి గుట్టలూ గోతులూ అయిపోతుంది. బేస్‌లో 10, 15 డెసిబెల్స్ తేడాలు మామూలే.

కారణం గదే. ఐదు మీటర్ల పొడవున్న గది తీసుకో. ధ్వని వేగం సెకనుకి దాదాపు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో, అంటే పదితో భాగిస్తే సుమారు 34 హెర్ట్జ్ వస్తుంది. ఆ స్వరం రెండు గోడల మధ్య నిలవ ఉండిపోతుంది. గోడకి ఆనుకుని కూర్చుంటే గుయ్యిమంటుంది, సరిగ్గా గది మధ్యకొస్తే దాదాపు మాయమవుతుంది. ఇంకోటి చూడు. స్పీకర్‌ని వెనక గోడకి మీటరు దూరంలో పెట్టావనుకో. గోడకి కొట్టుకుని తిరిగొచ్చిన అల 86 హెర్ట్జ్ దగ్గర అసలు అలకి ఎదురు పడుతుంది. రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మృదంగమో బేస్ గిటారో అక్కడ నీరుగారిపోతే మనం తప్పు యాంప్లిఫయర్ మీదకి తోస్తాం.

ఆ గొయ్యిని ఈక్వలైజర్‌తో పూడుద్దామనుకుంటావేమో, కుదరదు. 6 డెసిబెల్స్ పెంచాలంటే యాంప్ నాలుగు రెట్లు పవర్ తియ్యాలి. నువ్వు అంత పెంచితే గోడ నుంచి తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది. గొయ్యి గొయ్యిలాగే ఉంటుంది, యాంప్ మాత్రం వేడెక్కుతుంది. గుట్టల్ని మాత్రం హాయిగా తగ్గించుకోవచ్చు. గోతులకి మందు ఒక్కటే, స్పీకర్నో కుర్చీనో కాస్త జరిపి మళ్లీ కొలవడం. మైక్ లేకపోయినా ఫర్వాలేదు. అదే సాఫ్ట్‌వేర్‌లో రూమ్ సిమ్యులేటర్ ఉంది. గది కొలతలిచ్చి, బొమ్మలో స్పీకర్ని మౌస్‌తో పట్టుకుని లాగుతుంటే గ్రాఫ్ ఎలా మారుతోందో కళ్లముందే కనిపిస్తుంది. నువ్వు ఇవాళ రాత్రే కూర్చుని ఆడుకోవచ్చు.

ఇక నీ డీఏసీ సంగతి. జిఫ్.ఆర్గ్ అని ఒక సైటుంది. ఆగ్ వార్బిస్ అనే ఆడియో ఫార్మాట్ తయారుచేసిన క్రిస్ మాంట్‌గొమరీ, అంటే మాంటీ, 2013లో అక్కడొక వీడియో పెట్టాడు. డిజిటల్ సౌండ్ అంటే మెట్లు మెట్లుగా ఉంటుందని, అనలాగ్ మాత్రమే నున్నగా ఉంటుందని మనవాళ్లు బొమ్మలు గీసి మరీ చెప్తుంటారు కదా, ఆ వాదన ఈ వీడియోతో ఎగిరిపోతుంది. ఆయన ఒక పాత అనలాగ్ సిగ్నల్ జనరేటర్ నుంచి సైన్ వేవ్ పంపిస్తాడు. దాన్ని 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లో డిజిటల్ చేసి, మళ్లీ అనలాగ్ చేసి, పాత అనలాగ్ ఆసిలోస్కోప్‌లో చూపిస్తాడు. మెట్లు లేవు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి తీసే శాంపిళ్లు ఒక్కో అలకి రెండుకి కాస్త పైగా మాత్రమే పడేచోట కూడా, బయటికొచ్చింది నున్నటి సైన్ వేవే. కొలిచే పరికరాలన్నీ అనలాగ్‌వే కాబట్టి కంప్యూటర్ మోసం చేసిందనడానికి వీల్లేదు. ఇంత ఓపిగ్గా, వేళాకోళం లేకుండా ఈ విషయం చెప్పినవాళ్లని నేనింకెవర్నీ చూడలేదు.

చూశాక కూడా నీ చెవి వినకపోతే ఫూబార్2000 అనే పాటల ప్లేయర్ దించుకో. అందులో ఏబీఎక్స్ అనే చిన్న కాంపొనెంట్ వేసుకోవచ్చు. ఒకే పాటని ఫ్లాక్‌లో (ఏమీ పోకుండా కుదించే ఫార్మాట్), మంచి బిట్‌రేట్ ఎంపీ3లో పెట్టు. ఎక్స్ అనేది ఆ రెండింటిలో ఏదో చెప్పకుండా అది వినిపిస్తుంది, నువ్వు పోల్చుకోవాలి. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెప్తే నీకు నిజంగా తేడా వినిపిస్తున్నట్టు లెక్క. ఎందుకంటే కళ్లు మూసుకుని ఊహించేవాడికి అన్ని తగిలే అవకాశం నూటికి నాలుగే. 8, 9 వచ్చాయంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకో. రెండింటి వాల్యూమ్ సమానంగా ఉండాలి. కొంచెం గట్టిగా మోగేదాన్ని మన చెవి గట్టిగా అనుకోదు, బాగుంది అనుకుంటుంది. షోరూముల వ్యాపారం సగం దీనిమీదే నడుస్తుందని నా అనుమానం. రెండు డీఏసీలు పోల్చాలన్నా ఇదే రూలు. వోల్ట్‌మీటర్ పెట్టి లెవెల్స్ సమానం చెయ్యకుండా ఎవడేం చెప్పినా నేను పట్టించుకోను.

నువ్వు ఎక్కువ హెడ్‌ఫోన్స్‌లోనే వింటావు కాబట్టి ఇంకోటి చెప్తా. ఆటోఈక్యూ. వేలాది హెడ్‌ఫోన్ మోడళ్ల కొలతలు అందులో ఉన్నాయి. నీ మోడల్ ఎంచుకుంటే, దాని సౌండ్‌ని హార్మన్ టార్గెట్ దగ్గరికి తెచ్చే సెట్టింగులు ఇస్తుంది. ఆ టార్గెట్ సీన్ ఆలివ్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు బోలెడుమందిని కూర్చోబెట్టి, వాళ్లు ఏది ఇష్టపడుతున్నారో అడిగి తేల్చింది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ వేసుకుని ఆ అంకెలు ఎక్కిస్తే సరి. ప్రీయాంప్ అని మైనస్‌లో ఒక అంకె ఉంటుంది చూడు, దాన్ని వదిలెయ్యకు. వదిలేస్తే పాట గట్టిగా ఉన్నచోట క్లిప్పింగ్ వచ్చి గరగరమంటుంది. నచ్చకపోతే ఒక క్లిక్‌తో తీసెయ్యొచ్చు. కొత్త వస్తువుతో అలా కుదరదు కదా.

నీ పాత సీడీలు ఫైళ్లుగా మార్చుకోవడానికి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, పాటల పేర్లు సరిచెయ్యడానికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్. ఈ రెండింటి గురించి చెప్పడానికేం లేదు, పని చేస్తాయంతే. టర్న్‌టేబుల్ మీద మనసు పడితే వినైల్ ఇంజిన్‌లో కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) సరిగ్గా అమర్చుకునే ప్రొట్రాక్టర్లు, అంటే కొలత కాగితాలు, ఊరికే ప్రింటు తీసుకోవచ్చు. పాత మోడళ్ల మాన్యువల్స్ కూడా ఉంటాయి.

సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాలనిపిస్తే మాత్రం లింక్విట్జ్ ల్యాబ్ చదువు. సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ హ్యూలెట్ ప్యాకార్డ్‌లో ఇంజినీరు. రస్ రైలీతో కలిసి ఆయన రూపొందించిన క్రాసోవర్ (బేస్‌ని, ట్రెబుల్‌ని విడదీసి వేరువేరు స్పీకర్లకి పంపే సర్క్యూట్) 1976 నుంచీ ప్రపంచమంతా వాడుతోంది. ఆయన 2018లో పోయారు. ఆయన పేజీలు చూడ్డానికి పాతకాలం నాటివే, ఒక్క మెరుపు ఉండదు. ఏ డిజైన్ ఎందుకు వదిలేశారో, దేన్ని ఎలా మార్చారో లెక్కలతో సహా ఉంటుంది. ఆస్ట్రేలియా ఆయన రాడ్ ఇలియట్ నడిపే ఇలియట్ సౌండ్ ప్రొడక్ట్స్ కూడా అదే బాపతు. కాకపోతే ఆయన మెయిన్స్ కరెంటుతో ఆటలొద్దని పేజీకోసారి తిడతాడు. తిట్టనీ, మంచిదే.

ఇంతసేపూ పరికరాల గోలే అయింది. నన్నడిగితే అసలు సరదా వేరేచోట ఉంది.

జెనో-కాంటో చూశావా? పక్షుల కూతల భాండాగారం, 2005లో మొదలైంది. మనలాంటి మామూలు మనుషులు రికార్డు చేసి పెట్టిన కూతలు లక్షల్లో ఉన్నాయి. ప్రతి రికార్డింగ్‌కీ ఏ నుంచి ఈ దాకా గ్రేడు, పక్కనే సోనోగ్రామ్, అంటే స్వరం ఎప్పుడు ఎంత ఎత్తులో ఉందో చూపే బొమ్మ. కోకిలని వెతుకు. వింటూ ఆ బొమ్మ వంక చూడు. ఒక్కో "కూ" పైకి లేచే గీతలా పడుతుంది. తర్వాతది దానికన్నా కొంచెం ఎత్తులో, ఆ తర్వాతది ఇంకొంచెం ఎత్తులో. కోకిల రెచ్చిపోతోందని చెవికి తెలిసేది కంటికి కొలతతో సహా కనిపిస్తుంది. వెనకాల అడ్డంగా మందంగా ఒక పట్టీ ఉంటే అది కీచురాయో ఏదో పురుగు. కింద మసకగా ఉండేది గాలి, వాహనాల రొద. ఇది అలవాటైతే పాటల రికార్డింగులో ఏం ఎక్కడుందో వినడం కూడా అలవాటవుతుంది. ఏ హై-ఎండ్ స్పీకరూ ఈ పాఠం చెప్పలేదు. బార్సిలోనాలోని పాంపెయూ ఫాబ్రా యూనివర్సిటీ వాళ్ల ఫ్రీసౌండ్ కూడా ఇలాంటిదే. వాన, తలుపు కిర్రు, రైలు కూత, ఏదైనా దొరుకుతుంది. నీ వీడియోల్లో వాడుకునే ముందు లైసెన్సు చూసుకో, కొన్ని వ్యాపారానికి పనికిరావు.

పాతవాటి మోజుంటే ఫస్ట్ సౌండ్స్ వాళ్ల సైటుకి వెళ్లు. ఎడువార్ లియోన్ స్కాట్ అనే ఫ్రెంచాయన 1857లో ఫోనాటోగ్రాఫ్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877లో గానీ రాలేదు. స్కాట్ యంత్రం మసి పూసిన కాగితం మీద గొంతు గీతలు గీస్తుంది, అంతే. తిరిగి వినాలన్న ఆలోచనే ఆయనకి లేదు, కంటితో చూడ్డానికే చేశాడు. 1860లో గీసిన ఒక కాగితాన్ని 2008లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ సాయంతో సౌండ్‌గా మార్చారు. ఫ్రెంచ్ జానపద గీతం ముక్క, పాడింది ఆడపిల్లే అనుకున్నారు. కాగితం మీద గొంతు పక్కనే ట్యూనింగ్ ఫోర్క్ గీత కూడా ఉంది, వేగం లెక్క దాన్నుంచే తీశారు. ఆ ఫోర్క్ సెకనుకి 500 సార్లు ఊగుతుందనుకున్నారు. అప్పటి ఫ్రెంచ్ లెక్కలో అటు ఒక ఊపు, ఇటు ఒక ఊపు వేరువేరుగా లెక్కపెడతారట, అంటే అసలు 250. వేగం సగానికి తగ్గిస్తే అమ్మాయి కాస్తా మగాడైపోయింది. బహుశా స్కాట్ గొంతే. రెండు వెర్షన్లూ పెట్టారు, హెడ్‌ఫోన్స్‌లో వినకు, గరగర భరించలేవు.

చివరగా నీకు పక్కాగా పిచ్చెక్కించేది, నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్. అక్కడొక రిసీవర్, యాంటెనా ఉన్నాయి. బ్రౌజర్లోంచి వందలమంది ఒకేసారి ఎవరికి కావలసిన షార్ట్‌వేవ్ స్టేషన్ వాళ్లు తిప్పుకోవచ్చు. అక్కడ చీకటి పడ్డాక 10 మెగాహెర్ట్జ్‌కి కింద తిప్పు, దూరం స్టేషన్లు తగులుతాయి. పగలైతే పైన చూడు. హామ్ రేడియో వాళ్ల (సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) మాటలు మొదట బాతు అరుపుల్లా ఉంటాయి. 10కి కింద ఎల్‌ఎస్‌బీ (లోయర్ సైడ్‌బ్యాండ్), పైన యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్, కంప్యూటర్ యూఎస్‌బీ కాదు) మోడ్ పెట్టి, ఫ్రీక్వెన్సీని కొంచెం కొంచెంగా జరుపుతూ పో. ఒక్కసారిగా బాతు మనిషైపోతుంది. ఆ క్షణం కోసమే నేను రాత్రిళ్లు నిద్ర మానుకుని కూర్చుంటాను, ఇంట్లో తిట్లు తింటాను.

యూమిక్ నా దగ్గర ఖాళీగానే ఉంది. ఎప్పుడు కావాలో చెప్పు, పంపిస్తా. కొలిచాక గ్రాఫ్ ఫొటో తియ్యకు, ఆర్‌ఈడబ్ల్యూలో సేవ్ చేసిన ఎండాట్ ఫైలే పంపు. ఫొటోలో జూమ్ చేసి చూడ్డం నా వల్ల కాదు.

ఉంటా మరి,
నీ మామ