భూమి అమ్మిన లాభాన్ని విడిగా అచ్చువేయండి

సంపాదకులకు,

అయ్యా,

త్రైమాసిక ఫలితాలు వచ్చే రోజుల్లో వాణిజ్య పేజీల్లో చిన్న కంపెనీలకు దక్కేది రెండు ముక్కలే: 'నికర లాభం రెట్టింపు', 'ఈపీఎస్ (షేరుకు వచ్చే లాభం) ఇంత'. విజయనగరం, రాజాం, పలాస వైపు రిటైరైన ఉద్యోగులు, చిన్న వ్యాపారులు ఆ రెండు ముక్కలు చూసి ఫోన్లో షేర్లు కొనేస్తున్నారు. ఆ లాభంలో వ్యాపారం మీద వచ్చిందెంత, ఆస్తి అమ్మితే వచ్చిందెంత, షేర్ల సంఖ్య ఎంత పెరిగింది అన్నవి కూడా వేయాలని మా విన్నపం. ఎందుకో ఒక లెక్క చూడండి.

ఒక కంపెనీకి కోటి షేర్లున్నాయనుకుందాం. నిరుడు పన్ను పోను లాభం 4 కోట్లు, అంటే షేరుకు 4 రూపాయలు. ఈ ఏడాది వ్యాపారం మీద 4.2 కోట్లు వచ్చింది. పాత గోదాము స్థలం అమ్మితే పన్ను పోను ఇంకో 5.6 కోట్లు మిగిలింది. మొత్తం 9.8 కోట్లు. ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) వర్గానికి 60 రూపాయల చొప్పున ఇచ్చిన 40 లక్షల వారంట్లు (ఖాయం చేసిన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కులు) ఫిబ్రవరి 1న షేర్లుగా మారాయి. మార్చి 31 నాటికి షేర్లు 1.4 కోట్లు.

కానీ ఆ ఏటి ఈపీఎస్‌ను 1.4 కోట్లతో భాగించరు. కొత్త షేర్లు ఎన్ని రోజులున్నాయో అన్ని రోజులకే లెక్కలోకి వస్తాయి. ఇక్కడ 365 రోజుల్లో 59. అందుకే సగటు షేర్లు 1.065 కోట్ల దగ్గరే ఆగి, ఈపీఎస్ 9.20గా అచ్చవుతుంది. షేరు 98 రూపాయలుంటే పీఈ (షేరు ధర ఈపీఎస్‌కు ఎన్ని రెట్లో చెప్పే లెక్క) సుమారు పదిన్నర, చవకగా ఉందనిపిస్తుంది. స్థలం లాభం తీసేసి, 4.2 కోట్లను 1.4 కోట్ల షేర్లకు పంచండి. షేరుకు 3 రూపాయలే. పీఈ 32 దాటింది. వ్యాపార లాభం 20 లక్షలు పెరిగినా షేరుకు వచ్చేది 4 నుంచి 3కి దిగింది. పదివేల షేర్లున్నవారికి కంపెనీలో వెయ్యింట ఒక వంతు ఉండేది, ఇప్పుడు 1,400లో ఒక వంతు.

పలాసలో జీడిపిక్కలు ఆరబోసే కళ్లం అమ్ముకున్న ఏడాది చేతినిండా డబ్బుంటుంది. అంతమాత్రాన ఆ ఏడాది పప్పు వ్యాపారం బాగా సాగిందని ఊళ్లో ఎవరూ అనరు. మరుసటి ఏడాది కళ్లానికి అద్దె కూడా కట్టాలి. షేర్ల విషయానికొచ్చేసరికి ఈ ఇంగితం మనకు ఎందుకో గుర్తురాదు.

ఫలితాల పట్టికలో 'ఎక్సెప్షనల్ ఐటమ్స్' వరస ఉంటుంది, ముందు దాన్ని చూడాలి. అక్కడ సున్నా ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు. స్థలం లాభాన్ని 'ఇతర ఆదాయం'లో కలిపేసి, కింద నోట్సులో ఒక్క వాక్యంతో సరిపెట్టేవాళ్లున్నారు. దాక్కోలేని చోటు నగదు ప్రవాహ పట్టిక. సెప్టెంబరు, మార్చి ఫలితాలతో అది తప్పనిసరిగా వస్తుంది. కార్యకలాపాల నగదు లెక్కలో అమ్మకపు లాభాన్ని తీసివేసి, అమ్మగా వచ్చిన సొమ్మును పెట్టుబడుల భాగంలో విడిగా చూపాలి.

వారంట్ల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. తీసుకునేవారు ముందు 25 శాతం కడతారు, మిగతాది 18 నెలల్లోపు. మన లెక్కలో మొదట 6 కోట్లు, తర్వాత 18 కోట్లు. ధర ముందే ఖాయమైపోతుంది కాబట్టి షేరు 98కి పోతే మారుస్తారు, పడిపోతే కట్టిన 25 శాతం వదులుకుంటారు. వారంట్ల వంటివాటిని కూడా కలిపి లెక్కగట్టే 'డైల్యూటెడ్ ఈపీఎస్' ఉంది కదా అనుకోవద్దు. ఇంకా మార్చని వారంట్లన్నిటినీ అది పూర్తిగా లెక్కించదు, కట్టాల్సిన ధరకూ సగటు మార్కెట్ ధరకూ ఉన్న తేడా మేరకే కలుపుతుంది. త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో పెట్టే వాటాదారుల పట్టికలో, వారంట్లన్నీ మారితే ఎవరి వాటా ఎంతో చెప్పే నిలువు వరసే ఉంటుంది.

కొత్త షేర్లు వేసిన ప్రతి కంపెనీ మోసం చేస్తోందని మేం అనడం లేదు. వచ్చిన 24 కోట్లు ఏడాదికి 1.68 కోట్ల నికర లాభం తెస్తే, అంటే 7 శాతం, షేరుకు 4.20 నిలబడుతుంది. మంచి యంత్రాలకు అది పెద్ద పని కాదు. ఆ డబ్బు అనుబంధ సంస్థలకు అప్పుగానో, ఎప్పటికీ తెమలని అడ్వాన్సులుగానో పోయినప్పుడే నష్టం. బ్యాలెన్స్ షీట్లో ఆ రెండు వరసలు ఏటేటా ఉబ్బుతున్నాయేమో చూడాలి.

ఇలా కొందరికే షేర్లు కేటాయించడానికి ప్రత్యేక తీర్మానం కావాలి. పోలైన ఓట్లలో వ్యతిరేకానికి కనీసం మూడింతలు అనుకూలంగా ఉండాలి. ఖాళీ స్థలం అమ్మకానికి చాలాసార్లు బోర్డు తీర్మానమే చాలు, మన దాకా రాదు. కాబట్టి దొరికిన ఓటును వదలకూడదు. ఈ-ఓటింగ్ లింకు సాధారణంగా మెయిల్‌కు వస్తుంది, సమావేశానికి ముందురోజు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. డీమ్యాట్‌లో పాత మెయిల్ ఐడీ ఉన్నవారు ముందు దాన్ని మార్పించుకోవాలి. రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు ఇవ్వజూపడం) అయితే హక్కులు నేరుగా డీమ్యాట్‌లోకే వస్తాయి. గడువులోగా డబ్బు కట్టాలి, లేదా ఆ హక్కుల్నే మార్కెట్లో అమ్ముకోవాలి. రెండూ చేయకపోతే అవి రద్దయిపోతాయి, వాటా తగ్గుతుంది, పైసా రాదు.

ఇట్లు,
ఖాతాలు, పన్నుల పనిలో ఉన్న కొందరు,
విజయనగరం