అమ్మ దుఃఖానికి తోడు నిలిచిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

నాయన పోయినప్పటి నుంచి అమ్మను కడుపులో పెట్టుకుని చూస్తున్న కర్నూలులోని వృద్ధాశ్రమం వాళ్లకి, మా బంధువులకి చేతులెత్తి నమస్కరిస్తూ ఇది రాస్తున్నాను. పేర్లు వద్దని వాళ్లే అన్నారు, అందుకే రాయడం లేదు.

అమ్మకు అల్జీమర్స్. ఈ జబ్బులో ముందు పోయేవి కొత్త జ్ఞాపకాలు. పాతవి చాలాకాలం నిలుస్తాయి. రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చునే నాయన అమ్మకు గుర్తున్నాడు, ఆయన పోయిన సంగతి మాత్రం నిలవడం లేదు.

ఆ రోజు అమ్మకు చెప్పాలా వద్దా అని మాకు ఒకటే టెన్షన్. ఆశ్రమం నర్సు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, "భార్యకు చెప్పకుండా ఎట్లా? ఒక్కసారి నిదానంగా, చిన్న మాటల్లో చెప్పండి" అన్నారు. ఊరికి పోయాడని మాత్రం చెప్పొద్దన్నారు. ఊరికి పోయిన మనిషి కోసం ఎదురుచూస్తూనే ఉంటారు కదా. అలాగే చెప్పాం. అమ్మ నాయన చేయి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మరునాడు పొద్దున్నే "మీ నాయన టీ తాగినాడా?" అని అడిగింది.

"ఎట్లాగూ మర్చిపోతుంది, ఆమెకేం బాధ?" అన్నవాళ్లూ ఉన్నారు. విషయం మర్చిపోతుంది కానీ దిగులు మాత్రం పోదు. అడిగిన ప్రతిసారీ "చనిపోయాడమ్మా" అంటే ఆమెకు అది మొదటిసారి విన్నట్టే. ఇది ఆశ్రమంలో ఆయాలకు బాగా తెలుసు.

ఒక సాయంత్రం నేనక్కడే ఉన్నాను. అమ్మ తన కంచంలోని జొన్నరొట్టె సగం తుంచి కొంగులో కట్టుకుంటోంది, నాయనకని. ఆయా అక్క లాక్కోలేదు, వద్దనలేదు. ఒక గిన్నె తెచ్చి ఆ సగం అందులో పెట్టించి మూత వేసింది. పక్కనే కూర్చుని, "రొట్టెలోకి ఆయనకేం ఇష్టం మా?" అంది. "గోంగూర ఊరిబిండి. కారం ఎక్కువుండాల" అని అమ్మ మొదలుపెట్టింది. నాయన కోపం, నాయన సైకిల్, పెళ్లిలో తప్పిపోయిన చెప్పులు, అన్నీ చెప్పింది. మధ్యలో ఏడ్చింది. అక్క కళ్లు తుడిచి, "అంత మంచాయన, గుర్తుకు రాకుండా ఉంటాడా" అంది. చెబుతూ చెబుతూనే అమ్మ మిగిలిన రొట్టె తినేసింది. అక్క అబద్ధమూ చెప్పలేదు, పుండు మీద కారమూ చల్లలేదు.

రాత్రి డ్యూటీ ఆయమ్మకు ఇంకా పెద్ద దండం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు నాయన మాకు దూరంగా చిక్కుకుపోయాడు. అమ్మ ఇప్పుడు రాత్రిళ్లు ఆ వరదలోకే వెళ్లిపోతుంది. "నీళ్లొస్తుండాయి, ఆయనింకా రాలే" అని తలుపు దగ్గర నిలబడుతుంది. ఆయమ్మ లైటు వేసి, దుప్పటి కప్పి, "భయమైతాందా మా? నేనుండానులే" అంటూ చేయి వదలకుండా కూర్చుంటుంది.

మధ్యలో అమ్మ ఒక్కసారిగా తిండి మానేసి, మగతగా, పొంతన లేకుండా మాట్లాడింది. అందరం దిగులే అనుకుంటుంటే నర్సమ్మ మాత్రం, ఇంత హఠాత్తుగా మారితే వేరే కారణం చూడాలని మూత్ర పరీక్ష చేయించారు. ఇన్‌ఫెక్షన్ బయటపడింది. వెంటనే మందులు రాసిన పెద్దాసుపత్రి డాక్టరు గారికి కూడా కృతజ్ఞతలు.

మా మేనత్త గురించి చెప్పకపోతే తప్పవుతుంది. కర్మ రోజున బొట్టు, గాజులు తీయాలని కొందరు పట్టుబట్టారు. అద్దం చూసుకున్నప్పుడల్లా అమ్మ ఏమైందని అడుగుతుంది, ఎవరు జవాబు చెప్పాలి? నాయన సొంత అక్క ముందుకొచ్చి, "మా తమ్ముని పెండ్లాం. నేను పెడతా, ఎవరడ్డమొస్తారో చూస్తా" అని తన చేత్తోనే అమ్మకు కుంకుమ పెట్టింది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు. అత్తా, నీ రుణం తీరదు.

అమ్మను చూడాలని చాలామంది ఫోన్ చేస్తున్నారు. తప్పక రండి. పొద్దు వాలితే ఆమెకు కలత ఎక్కువ, కాబట్టి మధ్యాహ్నం లోపు వస్తే మంచిది. "నన్ను గుర్తుపట్టినావా?" అని పరీక్ష పెట్టకుండా మీ పేరు మీరే చెప్పండి. నాయన మాట ఆమె తీస్తే దాటవేయకండి. మీకు తెలిసిన ఆయన ముచ్చట ఒకటి చెప్పండి.