పతకాల అధ్యయన సంఘం వార్షిక నివేదిక: పాత శిలువ మీద కొత్త పట్టీ

సభ్యులకు నమస్కారం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం కాబట్టి ఇక్కడ డబ్బు ప్రస్తావన లేదు. ఈ ఏడాది సంఘం పని దాదాపు అంతా ఒకే చిక్కుముడి చుట్టూ తిరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరన్ క్రాస్ (శిలువ ఆకారపు జర్మన్ సాహస పతకం) పొందిన జర్మన్ సైనికుడికి రెండో యుద్ధంలో మళ్లీ అదే గౌరవం దక్కితే ఏది పెట్టుకునేవాడు, ఎక్కడ పెట్టుకునేవాడు?

జర్మన్ పద్ధతిలో ఒకే యుద్ధంలో ఒకే తరగతి ఐరన్ క్రాస్ రెండుసార్లు రాదు. మళ్లీ సాహసం చూపితే పై తరగతికి, అంటే రెండో తరగతి నుంచి మొదటి తరగతికి, వెళ్లాలి. బ్రిటిష్ మిలిటరీ క్రాస్ అలా కాదు, అదే యుద్ధంలో రెండోసారి వస్తే రిబ్బను మీద బార్ అనే చిన్న లోహపు పట్టీ చేరుతుంది. మన పరమవీర చక్ర నిబంధనల్లోనూ బార్ ఉంది. ఈ అలవాటుతో చూసేవాళ్లు ఐరన్ క్రాస్‌తో కనిపించే జర్మన్ పట్టీని కూడా 'రెండో సాహసం' అని చదివేస్తారు. దాన్ని 'రెండో యుద్ధం' అని చదవాలి.

1813 మార్చి 10న అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు స్థాపించిన ఈ శిలువను 1870లో, 1914లో, 1939లో యుద్ధం వచ్చినప్పుడల్లా పునరుద్ధరించారు. కాబట్టి ఈ చిక్కు 1939 కంటే ముందే వచ్చింది. 1870 రెండో తరగతి శిలువ ఉన్నవాళ్లకు 1914 యుద్ధంలో మళ్లీ దక్కితే పాత రిబ్బను మీద పెట్టుకునేందుకు 1915లో ఒక వెండి పట్టీని ఏర్పాటు చేశారు. దాని మధ్యలో 1914 అంకెతో చిన్న శిలువ ఉంటుంది. 1870లో ఇరవైల్లో ఉన్నవాడికి 1914 నాటికి అరవై దాటుతాయి, అందుకే ఆ పట్టీ అరుదు. దొరికిందని ఎవరైనా చెబితే ముందు అనుమానించండి.

1939 సెప్టెంబర్ 1 నాటి ఉత్తర్వు ప్రకారం పాత శిలువ ఉన్నవాడికి రెండో శిలువ ఇవ్వరు. దానికి బదులు డేగ గుర్తూ, కింద 1939 అంకే ఉన్న వెండి రంగు పట్టీ ఇస్తారు. జర్మన్లు దాన్ని 'ష్పాంగె' అంటారు. రెండో తరగతి పట్టీని రిబ్బను మీద, మొదటి తరగతి పట్టీని శిలువకు పైన ధరించాలి.

సభ్యులు ఎక్కువగా తడబడింది రిబ్బను దగ్గరే. 1939 శిలువ రిబ్బను మధ్యలో వెడల్పాటి ఎరుపు, దానికి అటూ ఇటూ తెలుపు, అంచుల్లో నలుపు. 1914 రిబ్బను నలుపు, అంచుల దగ్గర తెల్ల చారలు. పట్టీ వచ్చేది 1914 రిబ్బను మీదే. ఎర్ర రిబ్బను మీద పట్టీ కనిపిస్తే ఎవరో తర్వాత కూర్చిన సరుకు అనుకోవాలి. రెండో తరగతి శిలువను సాధారణంగా ప్రదానం రోజు మాత్రమే వేలాడదీసేవారు. ఆ తర్వాత రిబ్బను ఒక్కటే కోటు రెండో కాజాలోంచి ఏటవాలుగా వచ్చేది. పట్టీ కూర్చునేది ఆ చిన్న ముక్క మీద. రిబ్బన్‌బార్ (పతకాల రిబ్బను ముక్కలు వరుసగా ఉండే కడ్డీ) మీదకైతే పట్టీకి ఇంకా చిన్న నమూనా ఉంది.

1914లో రెండో తరగతి మాత్రమే వచ్చినవాడి సంగతి వేరు. 1939 తర్వాత ముందు రెండో తరగతి పట్టీ వస్తుంది. ఆపై మొదటి తరగతి దక్కితే అది అతనికి కొత్తది, కాబట్టి 1939 అంకె ఉన్న పూర్తి శిలువనే ఇస్తారు. కాజాలో 1914 రిబ్బను మీద పట్టీ, జేబు మీద 1939 శిలువ. ఇది తప్పు జత కాదు, సరైనదే. పాత యుద్ధంలోనే రెండు తరగతులూ ఉన్నవాడు జేబు మీది 1914 శిలువకు పైన మొదటి తరగతి పట్టీ పెట్టుకుంటాడు. జర్మన్ సేనాని రోమెల్ ఇందుకు మంచి ఉదాహరణ. 1940 మే నెలలోనే అతనికి రెండు పట్టీలూ, మొదటి తరగతికి పైదైన నైట్స్ క్రాసూ వచ్చాయి. మొదటి యుద్ధం నాటి పూర్ ల మెరీట్ (ప్రష్యా అత్యున్నత సాహస పతకం) కూడా మెడలో ఉండేది.

ఫొటో పరిశీలనకు ఇదే వాడుకోండి. పట్టీ ఉన్న మనిషి మొదటి యుద్ధంలో పోరాడినవాడై ఉండాలి. మీసం మొలవని ముఖం, కాజాలో పట్టీ కనిపిస్తే ఫొటోనో, దాని కింద రాసిన వివరమో తేడా. మొదటి తరగతి పట్టీ ఉండి కాజాలోగానీ రిబ్బన్‌బార్‌లోగానీ రెండో తరగతి పట్టీ లేకపోయినా ఆగి చూడాలి.

నకళ్లను గుర్తించడం నేర్పిన పాఠంలో అసలు వస్తువులను చేతికిచ్చి చూపించాం. రెండో తరగతి పట్టీ వెడల్పు సుమారు 30 మిల్లీమీటర్లు, వెనుక రిబ్బనులోంచి గుచ్చి వంచే నాలుగు లోహపు మొనలు. మొదటి తరగతిది సుమారు 45, వెనుక నిలువు పిన్ను. యుద్ధం మొదట్లో తోంబాక్ (రాగి ఎక్కువున్న) ఇత్తడి, తర్వాత జింకు. జింకు మీది వెండిపూత పోయి బూడిదరంగు తేలితే భయపడకండి, రుద్ది మెరిపించకండి. అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు. పట్టీకి అది ఎలాగూ అంటుకోదు. శిలువ గర్భం మామూలుగా ఇనుమే అయినా, ఇనుము కాని అసలువీ ఉన్నాయి. డేగ ఈకల గీతలు మొద్దుబారి, 1939 అంకెల చుట్టూ బుడగల గుంటలుంటే అది అచ్చుపోత నకలు. అతినీలలోహిత కాంతిలో రిబ్బను తెల్లగా మెరిస్తే ఆ దారం యుద్ధం తర్వాతిది. కొన్నిసార్లు మొదటి తరగతి పట్టీని శిలువ పైకొమ్మకు టంకం వేసి ఒకే ముక్కగా చేయించుకునేవారు. అలాంటిది కనబడగానే నకలని పారేయకండి.

ప్రదర్శన పెట్టె అమర్చేటప్పుడు ఒక తప్పు దొర్లింది. పట్టీని పాత రిబ్బను నుంచి కొత్తదానికి మార్చబోతే ఒక మొన మొదలు దగ్గర విరిగింది. ఒకసారి వంచిన మొనను మళ్లీ నిటారుగా చేసి తిరిగి వంచితే లోహం అలసిపోతుంది, జింకైతే మరీనూ. ఇకపై మొనలను కదపం. పట్టీ కింద సన్నని అట్టముక్క పెట్టి, కనబడని దారంతో రెండు చోట్ల కట్టుతాం.

ఇంకో మాట, ప్రదర్శనకు వచ్చినవాళ్లు అడిగిందే. డేగ కాళ్ల దగ్గరి గుర్తు మన గుమ్మాల మీది స్వస్తిక్కేనా అని. చీటీల మీద 'నాజీ హాకెన్‌క్రాయిట్స్' (జర్మన్‌లో 'కొక్కెపు శిలువ') అని స్పష్టంగా రాశాం. పశ్చిమ జర్మనీ 1957 జులై 26 చట్టంతో ఈ పతకాలను ఆ గుర్తు తీసేసిన రూపంలోనే ధరించనిచ్చింది. మన సంఘం నియమం కూడా సూటిగానే ఉంది: పెట్టెలో చూపించవచ్చు, చదవవచ్చు, సభ్యులెవరూ ఒంటి మీద పెట్టుకుని ఫొటో దిగకూడదు.

వచ్చే ఏడాదికి గాయాల బ్యాడ్జీలు (యుద్ధంలో గాయపడినవాళ్లకు ఇచ్చినవి) అధ్యయనానికి తీసుకుంటున్నాం. 1918 నాటి నలుపు, వెండి, బంగారు రంగు నమూనాలు ఎవరి దగ్గరున్నా మొదటి సమావేశానికి వాటి వెనుకభాగం ఫొటోలు తప్పకుండా తీసుకురండి. ముందుభాగం ఫొటోలు మన దగ్గర ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.