ప్రిన్స్ రూపర్ట్ రేవు నుంచి నాన్నగారికి

ప్రిన్స్ రూపర్ట్, కెనడా
జూన్ 17

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. కొన్నాళ్ళుగా నా ఫోను కలవకపోయేసరికి అమ్మ సరిగా అన్నం తినడం లేదని, పూటకొకసారి అన్నయ్యను పోరుతోందని వదిన పంపిన కబురు ఈ రేవులోకి వచ్చి సిగ్నలు అందగానే చదివాను. దారిలో పోర్ట్ హార్డీ అనే ఊరు దాటాక ఒకటి రెండు పల్లెల దగ్గర తప్ప ఫోను పనిచేయదని బయలుదేరే ముందే చెప్పాను గాని, చెప్పినంత మాత్రాన తల్లి మనసు కుదుటపడదు కదా. నేను క్షేమంగా ఉన్నాను. పని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నేను పనిచేసే యాట్ (విహార పడవ) ఇంజన్లు రెండూ బాగున్నాయి, జీతం వేళకు అందుతోంది, యజమాని దంపతులు మర్యాదస్తులు.

నాన్నగారు అన్నయ్య చేత అడిగించిన ప్రశ్నకు మాత్రం వివరంగా జవాబు రాయాలి. మనిషి జాడ లేని ఆ కెనడా పడమటి తీరంలో డీజిలు ఎక్కడ పోయించుకుంటారు, అయిపోతే ఏం చేస్తారు అని మీరు అడిగారు. ఆ ప్రశ్న వెనుక అమ్మ ఉందని నాకు తెలుసు. ఇంజను ఆగిపోయి మీ బోటు పారాదీప్ వైపు కొట్టుకుపోయిన ఆ తుపాను సంగతి మన ఇంట్లో ఎవరూ ఎత్తరు గాని, నేను సముద్రం మీదికి వెళ్ళిన ప్రతిసారీ అమ్మకు అదే గుర్తుకు వస్తుంది.

ముందు దారి ఎలాంటిదో చెబుతాను. వాంకూవర్ నుంచి అలాస్కాలోని కెచికాన్ దాకా 500 నాటికల్ మైళ్ళకు పైబడిన దూరం, అందులో ఎక్కువ భాగం ద్వీపాల చాటున కొండల మధ్య నుంచి పోయే ఇరుకు నీటిదారి. వాంకూవర్ ద్వీపం ఉత్తరపు కొసన ఉన్న పోర్ట్ హార్డీ దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కడి నుంచి ప్రిన్స్ రూపర్ట్ వచ్చేవరకు రహదారి సముద్రాన్ని తాకే చెప్పుకోదగ్గ ఊళ్ళు బెల్లా కూలా, కిటిమాట్ మాత్రమే. అవి కూడా మా దారికి బాగా లోపలగా, పొడవైన పాయల చివర ఉన్నాయి. అందువల్ల మధ్యలోని పల్లెలకు తిండి సరుకుల దగ్గర నుంచి డీజిలు దాకా అన్నీ బార్జీల (సరుకులు మోసే చదును పడవల) మీదే రావాలి. బార్జీ వచ్చిన కొత్తలో బంకు నిండుగా ఉంటుంది. గాలివానకు అది ఆలస్యమైతే ఉన్న కాస్త డీజిలునూ ఊరివాళ్ళు తమ చేపల పడవలకు, కరెంటు జనరేటర్లకు దాచుకుంటారు. విహారానికి వచ్చిన మాకు లేదనడం న్యాయమేనని నేను అనుకుంటాను.

పోర్ట్ హార్డీ నుంచి బెల్లా బెల్లా, దాని ఎదుటి షీర్‌వాటర్ సుమారు 90 మైళ్ళు. ఆ తరువాత క్లెమ్టు, హార్ట్లీ బే, అక్కడి నుంచి సుమారు 80 మైళ్ళకు ఈ ప్రిన్స్ రూపర్ట్. కాగితం మీద చూస్తే ఇది కష్టమైన లెక్క కాదు. కాని మా యజమాని నేరుగా పోయే మనిషి కాదు. జలపాతం ఉందంటే ఒక పాయలోకి, ఎలుగుబంట్లు కనిపిస్తాయంటే మరో పాయలోకి లోపలి దాకా వెళ్ళి అదే దారిన వెనక్కి రావాలంటారు. మైళ్ళు అలా రెట్టింపవుతాయి. లంగరు వేసిన రాత్రి కూడా జనరేటరు, గది వెచ్చచేసే హీటరు డీజిలు తాగుతూనే ఉంటాయి.

మా ట్యాంకులు రెండూ కలిపి 3,000 లీటర్లు పడతాయి. 8 నాట్ల వేగంతో, అంటే గంటకు 8 నాటికల్ మైళ్ళు పోతే రెండు ఇంజన్లూ కలిసి గంటకు 40 లీటర్లు, అంటే మైలుకు 5 లీటర్లు కాలుస్తాయి. ఇక్కడివారు మూడు వాటాల లెక్క పాటిస్తారు: ఒక వంతు పోవడానికి, ఒక వంతు తిరిగి రావడానికి, ఒక వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. ఆ లెక్కన నేను 1,000 లీటర్లతో 200 మైళ్ళు ముందుకు పోయి, అక్కడ బంకు మూసి ఉంటే చివరి వంతు తాకకుండానే బయలుదేరిన చోటికి తిరిగి రాగలను. ఈ నియమాన్ని యజమాని ముందే ఒప్పుకున్నారు. ఇంకొక్క పాయ చూద్దాం అని ఆయన ఎంత ముచ్చటపడినా, మొదటి వంతు అయిపోయిందంటే పడవ మరో పాయలోకి తిరగదు.

మీరు మీ బోటు మీద మా అందరికీ నేర్పిన సంగతే ఇక్కడ కూడా నన్ను కాపాడుతోంది. తొందరపడితే డీజిలు తాగుతుంది అనేవారు మీరు. ఇలాంటి పడవకు వేగం పెంచే కొద్దీ నీరు ఎదురు తోసే బలం ఎంతగా పెరుగుతుందంటే, 8 నాట్ల నుంచి 10 నాట్లకు పోతే గంటకు కాలే డీజిలు దాదాపు రెట్టింపై 80 లీటర్లకు దగ్గరవుతుంది. మైలుకు 5 లీటర్లు కాలేది 8 లీటర్లవుతుంది. అనుమానం వచ్చిన రోజున నేను చేసే మొదటి పని వేగం తగ్గించడమే. 6 నాట్లకు దిగితే అదే ట్యాంకుతో ఎంతో దూరం పోవచ్చు.

పాత పటాలను, పాత మార్గదర్శక పుస్తకాలను మాత్రం నమ్మకూడదు. ఈ తీరం పొడవునా ఒకప్పుడు సాల్మన్ చేపలను డబ్బాల్లో నింపే కర్మాగారాలు ఉండేవి. నాము, బ్యూట్‌డేల్ అటువంటివే. కర్మాగారం ఉన్నచోట జెట్టీ, దుకాణం, డీజిలు కూడా ఉండేవి. అవి మూతపడ్డాక జెట్టీ కర్రలు కుళ్ళి నీటిలోకి ఒరిగిపోయాయి, పటం మీద పేరు మాత్రం మిగిలింది. అందుకే ప్రతి చోటికీ బయలుదేరే ముందే ఫోను ఉంటే ఫోనులో, లేకుంటే దగ్గరికి వచ్చాక రేడియోలో అడుగుతాను. డీజిలు ఉందా, ఎన్ని లీటర్లు ఇవ్వగలరు, బంకు ఏ వేళ తెరుస్తారు, ఆదివారం ఉంటారా, జెట్టీ దగ్గర పాటు వేళ ఎంత లోతు ఉంటుంది అని అడిగి, జవాబులను తేదీతో సహా పుస్తకంలో రాసుకుంటాను. ఒక చిన్న రేవులో ముందు రోజు ఉంది అన్నవారే మేము చేరేసరికి లేదన్నారు. రావలసిన బార్జీ రాలేదు. యజమాని భార్య ముఖం పాలిపోయింది. నేను కొలకర్ర దించి రెండు వంతులు నిండుగా ఉన్నదని ఆమెకు చూపించాను, మరునాడు తాపీగా తరువాతి రేవుకు పోయాము. అమ్మా, నీకు కూడా అలా కొలకర్ర దించి చూపించగలిగితే బాగుండును.

డీజిలు దొరకడం కంటే మంచి డీజిలు దొరకడం ముఖ్యం. తక్కువ మంది వాడే ట్యాంకులో నీరు, తుప్పు చేరతాయి. నీరు బరువు కనుక అడుగున చేరి ఉంటుంది, ఆ నీటికీ డీజిలుకీ మధ్య ఒక రకం సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురులా ఫిల్టరుకు పడతాయి. ప్రశాంతమైన నీటిలో ఈ మురికి కదలదు. కాని పోర్ట్ హార్డీ దాటాక కేప్ కాషన్ దగ్గర ద్వీపాల చాటు పోయి పసిఫిక్ సముద్రపు అలలు నేరుగా తగులుతాయి. పడవ ఊగినప్పుడు ట్యాంకు అడుగున ఉన్నదంతా లేచి ఫిల్టరును మూసేస్తుంది. ఇంజను ఆగకూడని చోటే ఆగే ప్రమాదం అదే. మాకు జంట ఫిల్టర్లు ఉన్నాయి. ఒకటి మూసుకుపోతుంటే మీటరు ముల్లు చెబుతుంది, ఇంజను ఆపకుండానే రెండోదానికి తిప్పుకోవచ్చు. అసలు మురికి లోపలికి రాకుండా చూడడం ఇంకా మంచిది. కొలకర్ర కొసకు నీరు తగిలితే రంగు మారే ముద్ద రాసి ట్యాంకు అడుగు తాకిస్తాను. కొత్త చోట అయితే మొదటి బకెట్టెడు డీజిలును, నీటిని ఆపే జల్లెడ ఉన్న గరాటు గుండా పోసి చూస్తాను. గరాటు అడుగున గింజల్లా నీటి బొట్లు నిలిస్తే అక్కడ పోయించుకోను.

పోయించుకునేటప్పుడు నేను గొట్టం వదలను. ఎడమ చేత్తో నూనె పీల్చే తెల్లని గుడ్డను నాజిలు చుట్టూ పట్టుకొని, చెవి గాలి గొట్టం దగ్గర పెడతాను. ట్యాంకు నిండుతున్న కొద్దీ బయటికి వచ్చే గాలి చప్పుడు సన్నబడుతుంది, అప్పుడు చేయి నెమ్మదిస్తాను, పూర్తిగా నిండకముందే ఆపుతాను. చల్లని డీజిలు వేడెక్కితే వ్యాకోచించి గాలి గొట్టం గుండా సముద్రంలో పడుతుంది మరి. ఇక్కడ ఒక్క చెంబెడు పడినా ఊరుకోరు. 2016 అక్టోబరులో బెల్లా బెల్లాకు పడమటగా నేథన్ ఇ. స్టీవర్ట్ అనే టగ్గు (బార్జీలను లాగే, తోసే పడవ) రాతి మీదికెక్కి మునిగిపోయి, సుమారు 1,10,000 లీటర్ల డీజిలు, కందెన నూనెలు నీటిపాలయ్యాయి. అక్కడి ఆదివాసులైన హైల్సుక్ ప్రజలు తరతరాలుగా గుల్లలు ఏరుకునే తావులు పనికిరాకుండా పోయాయి. మన గంగమ్మ తల్లి ఒడిలో అలా జరిగితే మన పేట ఏమైపోయేదో ఆలోచించండి. వాళ్ళు మమ్మల్ని అనుమానంగా చూసినా నాకు బాధ లేదు.

హార్ట్లీ బే గురించి అమ్మకు ప్రత్యేకంగా రాయాలి. ఆ పల్లెకు రోడ్డు లేదు. ఇళ్ళ మధ్య చెక్కబాటలు వేసుకున్నారు. 2006 మార్చి 22 అర్ధరాత్రి దాటాక క్వీన్ ఆఫ్ ది నార్త్ అనే పెద్ద ప్రయాణికుల నౌక దగ్గరలోని గిల్ ద్వీపానికి తగిలి మునిగిపోతుంటే, ఈ పల్లెవారు నిద్రలేచి తమ చిన్న పడవలు వేసుకొని చీకట్లో వెళ్ళారు. ఓడలోని 101 మందిలో 99 మంది ప్రాణాలతో బయటపడ్డారు. మునిగిన ఓడలో రెండు లక్షల లీటర్లకు పైగా డీజిలు ఉంది, అందులో కొంత వారి నీటిలోకే వచ్చింది. అయినా అక్కడి వారిలో కసి కనిపించలేదు. పంపు దగ్గరి పెద్దాయన నా ఊరు అడిగి, మా నాన్నగారు చేపల వేట బోటు నడిపే సరంగు అని చెప్పగానే లోపలికి వెళ్ళి పొగబెట్టిన సాల్మన్ ముక్క కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చారు. అది మన ఎండుచేప కాదు గాని, వేడి అన్నంలో ఆవకాయ పక్కన పెట్టుకొని తింటుంటే నాకు ఇంటి మీద బెంగ పుట్టిన మాట నిజం.

ఇంజనీరింగు చదివి డబ్బున్నవాళ్ళ పడవలకు డీజిలు పోసే పని ఏమిటని మామయ్య అన్నాడట. ఆ మాట నాకు నచ్చలేదు. తలచుకుంటే విశాఖలో నాకూ ఉద్యోగం దొరికేది. కాని ఈ పడవ మీది మనుషుల ప్రాణాలు నేను చేసే ఈ లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి, ఇది చిన్న పని అని నేను ఎన్నడూ అనుకోను.

ఇక్కడి ఆటుపోట్లు చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. విశాఖలో నీరు ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగా లేస్తుంది, ప్రిన్స్ రూపర్ట్‌లో అమావాస్య పౌర్ణమి రోజుల్లో 7 మీటర్ల దాకా తేడా వస్తుంది. తేలే జెట్టీ మీదికి గట్టు నుంచి దిగే వంతెన పాటు వేళ నిచ్చెనంత నిలువుగా ఉంటుంది. అందుకే నీరు నిలకడగా ఉండే వేళ చూసి జెట్టీ చేరతాము.

ఈపాటికి చేపల వేట నిషేధం 14వ తేదీతో ముగిసి, మన విశాఖ హార్బరులో డీజిలుకు, ఐసుకు బోట్లన్నీ బారులు తీరి ఉంటాయి. అన్నయ్యకు ఒక మాట చెప్పండి: డీజిలు పోసేటప్పుడు బోటు మీద గ్యాసు పొయ్యి ఆపించి, కళాసీలను బీడీ ముట్టించనీయకుండా చూడాలి. 2023 నవంబరు 19 రాత్రి 40 దాకా బోట్లు కాలిపోయిన చోటే కదా మన బోటు కట్టేది. రెండు నెలలు కదలకుండా ఉన్న ట్యాంకు అడుగున నీరు చేరి ఉంటుంది. బయలుదేరే ముందు అడుగు గొట్టం తిప్పి, సీసాలోకి పట్టి, నీరు పోయి ఒట్టి డీజిలు వచ్చేవరకు వదలమనండి.

గాలి తగ్గగానే డిక్సన్ ఎంట్రన్స్ అనే జలసంధి దాటి కెచికాన్ పోతాము; ఇక్కడే ట్యాంకులు నింపాను కనుక డీజిలుకు కొరత లేదు. కెచికాన్ పెద్ద రేవు, అక్కడ ఫోను పనిచేస్తుంది. అక్కడ డీజిలు గ్యాలన్లలో అమ్ముతారు, ఒక గ్యాలను 3.785 లీటర్లు. మధ్యలో ఫోను కలవకపోయినా మేము ఉన్న చోటును ఉపగ్రహం ద్వారా పంపే పరికరం పడవలో ఉంది, దాని కబురు రోజూ సాయంత్రం అన్నయ్య ఫోనుకు వచ్చేలా ఏర్పాటు చేశాను. అన్నయ్య అడిగిన జల్లెడ గరాటు ఇక్కడి దుకాణంలో దొరికింది, రేపు పోస్టులో వేస్తాను. దాన్ని సబ్బుతో కడగవద్దని, డీజిలుతోనే జాడించి ఆరబెట్టమని చెప్పండి.

ఇట్లు,
మీ కుమారుడు
సత్యం