దొరకలేదు అనుకునే ముందు

నాన్నా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసంతా నీ దగ్గరే ఉంది. ప్రాజెక్టు కోసం మూడు గంటలు వెతికినా ఏమీ దొరకలేదన్నావు. ఏమని వెతికావో చదివి వినిపించావు చూడు, అప్పుడే ఈ ఉత్తరం రాయాలనిపించింది. "నదుల్లో ప్లాస్టిక్ వల్ల చేపలకు ఏమైనా అవుతుందా" అని ఎదురుగా మనిషి ఉన్నట్టు అడిగావు.

ఇన్నేళ్లు లైబ్రరీలో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. పుస్తకం చివర పదసూచిక ఉంటుంది కదా, ఏ మాట ఏ పేజీలో ఉందో చూపించేది. సెర్చ్ ఇంజిన్ దగ్గర ఉన్నదీ అలాంటిదే, కాకపోతే కోట్లాది పేజీలది. నువ్వు ఎంటర్ కొట్టాక అది ఇంటర్నెట్ అంతా తిరిగి రాదు, ముందే తిరిగి రాసిపెట్టుకున్న సూచికలో చూస్తుంది. 1998లో గూగుల్ మొదలుపెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ దానికి ఇంకో ఆలోచన చేర్చారు. ఒక పేజీకి ఎన్ని పేజీలు, ఎలాంటి పేజీలు లింకు ఇచ్చాయో లెక్కగట్టి, దాన్ని బట్టి ఏది పైన రావాలో తేల్చడం. ఇప్పుడైతే దగ్గరి అర్థాలు కూడా పట్టుకుంటుంది. అయినా, నీకు కావాల్సింది రాసినవాళ్లు ఏ మాటలు వాడారో ఆ మాటలు నువ్వు ఇస్తే అది నేరుగా అక్కడికి వెళ్తుంది.

చేపల మీద పరిశోధన చేసినవాళ్లు 'మైక్రోప్లాస్టిక్స్' (చాలా చిన్న ప్లాస్టిక్ ముక్కలు) అంటారు, 'మంచినీటి చేపలు' అంటారు, 'జీర్ణనాళం' అంటారు. అవన్నీ నీకు ముందే తెలియాలని లేదు. మొదటి సెర్చ్ ఆ మాటలు పట్టుకోవడానికే అనుకో. ఒక్క మంచి పేజీ నిదానంగా చదువు. కొత్తగా కనిపించిన మాటలు కాగితం మీద రాసుకుని, వాటితో మళ్లీ వెతుకు. ఇంగ్లిష్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి వెతుకు, వేరే వేరే పేజీలు వస్తాయి. లైబ్రరీకి వచ్చిన పిల్లలకి నేను ఎక్కువసార్లు చెప్పింది ఇదే.

మిగతావి చిన్న చిన్న పనిముట్లు. రెండు మూడు మాటలు అదే వరుసలో కావాలంటే వాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టు. అక్కర్లేని మాట ముందు, ఖాళీ వదలకుండా మైనస్ పెట్టు. ఒకే వెబ్‌సైట్‌లో వెతకాలంటే ఇంగ్లిష్‌లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఆ వెంటనే దాని అడ్రస్ టైప్ చెయ్యి. ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ అని అలాగే కలిపి రాస్తే నివేదికలూ పరిశోధన పత్రాలూ వస్తాయి, నీకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. పెద్ద పేజీ తెరిచాక కంట్రోల్, ఎఫ్ నొక్కితే నీ మాట ఎక్కడుందో చూపిస్తుంది.

ఇంకొకటి మాత్రం నాకు బాధ కలిగించిన విషయం. పోయినేడాది మీ నాన్నకి వారం రోజులు తలనొప్పి వచ్చినప్పుడు నేను అర్ధరాత్రి కూర్చుని "తలనొప్పి ట్యూమర్ లక్షణమా" అని వెతికాను. వచ్చినవన్నీ ట్యూమర్ పేజీలే. ట్యూమర్ అని అడిగింది నేనే కదా! తెల్లవార్లూ టెన్షన్ పడ్డాను. డాక్టర్ చూసి కళ్లజోడు నంబర్ మారిందని చెప్పారు. "తలనొప్పికి కారణాలు" అని అడిగి ఉంటే ఆ రాత్రి వేరేలా గడిచేది. నువ్వు కూడా జవాబుని ప్రశ్నలోనే పెట్టి అడగకు. "చేపలకు ప్లాస్టిక్ హాని" అని వెతికితే హాని చెప్పేవే ముందు వస్తాయి. "ప్రభావం" అని వెతుకు.

పైన 'స్పాన్సర్డ్' అని ఉన్నవి డబ్బు కట్టిన ప్రకటనలు, అవి దాటి కిందికి వెళ్లు. ఏఐ రాసిచ్చే సారాంశంలో తప్పులుంటాయి. అందులోని లింకు తెరిచి నీ కళ్లతో చదవకుండా ఒక్క అంకె కూడా ప్రాజెక్టులో రాయొద్దు నాన్నా.

ఈ రాత్రికి నిద్రపో. రేపు ఒక్క గంట కూర్చుని, నువ్వు పోగేసిన మాటల కాగితం ఫోటో తీసి పంపు. నేనూ ఇక్కడ వెతుకుతాను. ఆదివారం ఫోన్‌లో ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ప్రేమతో,
అమ్మ