నువ్వు పనిచేయబోయే లోయర్ పరేల్

చండూరు

చిరంజీవి శ్రావణికి నాయిన ఆశీస్సులు.

వచ్చే నెలలో నువ్వు ముంబయిలో ఉద్యోగంలో చేరుతున్నావు కనుక, ఆ నగరాన్ని నీకంటే ముందు నా కళ్ళతో చూసి రావాలని వెళ్ళాను. ఫోనులో రెండు మాటల్లో చెప్పి ఊరుకోలేక రాస్తున్నాను.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి షోలాపూర్ వచ్చింది. నేతపని కోసం తరాల కిందట వెళ్ళి స్థిరపడిన మన పద్మశాలీల ఊరు కాబట్టి ప్లాట్‌ఫారం మీద తెలుగు బాగా వినిపించింది. తెల్లవారుజామున దిగిన ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌ను 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ రాతి పనితనం ముందు చాలాసేపు నిలబడ్డాను. గేట్‌వే, మెరైన్ డ్రైవ్ కూడా చూశాను. అవి నువ్వు ఎలాగూ చూస్తావు.

నా మనసంతా పరేల్ మీదే ఉంది. మీ చిన్నతాత మన ఇంటి గుంట మగ్గం వదిలి, అక్కడి బట్టల మిల్లులో చేరి, వర్లీలోని బి.డి.డి. చాల్‌లో, అంటే వరుసగా ఒంటి గదులుండే కార్మికుల భవనంలో, కాపురం పెట్టాడు. 1920లలో కట్టిన ఆ చాల్‌లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. ఆ గదిలోనే వంట, పడక, పిల్లల చదువు, ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు చోటు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఏడాదికి పైగా సాగినా వాళ్ళు కోరినది దక్కలేదు, చాలా మిల్లులు మళ్ళీ తెరుచుకోలేదు. చిన్నతాత భివండికి పోయి, సాంచెలు (మరమగ్గాలు) నడిపి పిల్లలను పెంచాడు. ఆ మిల్లుల స్థలాల్లోనే ఇప్పుడు అద్దాల భవనాలు, మాల్‌లు లేచాయి. ఒకచోట పాత పొగగొట్టాన్ని మాత్రం అలాగే నిలిపి ఉంచారు. నీ ఆఫీసు ఉన్నది ఆ చుట్టుపక్కలే. మనవాళ్ళు రాత్రి పాళీలు చేసిన నేల మీద నువ్వు కుర్చీలో కూర్చుని పనిచేస్తావన్న తలపుకు నాకు గర్వమూ కలిగింది, కళ్ళూ చెమర్చాయి.

మన పాలమూరు వైపు నుంచి మట్టిపనికి, కట్టడాల పనికి వెళ్ళినవాళ్ళు అక్కడ ఎందరో. వాళ్ళు కట్టిన గోడల మీద వాళ్ళ పేర్లు ఎక్కడా లేకపోవడం నాకు అన్యాయంగా తోచింది.

లోకల్ రైలులో ఆడవాళ్ళ పెట్టెలోనే ఎక్కు. ప్లాట్‌ఫారం మీద ఆ పెట్టె ఎక్కడ ఆగుతుందో ముందే చూసి పెట్టుకో. లోయర్ పరేల్‌లో ఫాస్ట్ లోకళ్ళు ఆగవు, స్లో బండి ఎక్కాలి. వానాకాలంలో హెచ్చరిక వచ్చిన రోజు బయలుదేరవద్దు. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది. అది మన జిల్లాలో ఏడాదంతా పడే వానకంటే ఎక్కువ.

చిన్నతాత కొడుకు, మీ బాబాయి, ఇంకా వర్లీలోనే ఉన్నాడు. పాత చాల్‌లు కూల్చి టవర్లు కడుతున్నందున వాళ్ళు అద్దె ఇంట్లో ఉన్నారు. మొదటి ఆదివారం భోజనానికి రమ్మని పిన్ని గట్టిగా చెప్పింది. ఆమె కోసం పుట్టపాక చీర ఒకటి తీసి ఉంచాను. వెళ్ళేటప్పుడు తీసుకుపో.

మీ నాయిన